సినిమాకో పోలిక

తెల్లవారుజామున, చీకటి ఇంకా విడిపోకముందే రేడియో పెట్టే అలవాటున్నవాళ్లకు ఒక బాణీ గుర్తుంటుంది. ఎవరి గొంతూ వినపడకముందు, తంబూరా నాదం మీద వయొలిన్ తేలివచ్చే చిన్న బాణీ. పక్కింట్లో మోగినా సరే, అది చెవిన పడగానే ఆకాశవాణి మొదలైందని తెలిసిపోతుంది. ఆ బాణీ కట్టినాయన వాల్టర్ కాఫ్‌మన్. ఐరోపా మీద నాజీల నీడ ముసురుకుంటుంటే 1934లో బొంబాయి చేరిన యూదు సంగీతకారుడు. 1930లలో ఆయన కూర్చిన ఆ కాసిని స్వరాలు తరాలు మారినా మారలేదు. అందుకే అవి మన ఇంట్లో మనిషి గొంతులా అయిపోయాయి.

ఈ పూట నేను మాట్లాడబోయేది అలాంటి గుర్తు గురించే. చెవికి బదులు కంటికి పనికొచ్చే గుర్తు. సినిమా నేర్చుకుంటున్న పిల్లలు కాలేజీల్లోనో, నలుగురు స్నేహితులు కలిసి సొంతంగానో చిన్న సినిమాలు తీస్తారు. వాటికి పోస్టరు వేస్తారు, ట్రైలరు కడతారు, ఆహ్వానపత్రం అచ్చేస్తారు, ఫోన్లలో బొమ్మలు పంపుతారు. ఇవన్నీ ఒకే సినిమావని చూడగానే తెలియాలి. అలా తెలియాలంటే ఏం చేయాలో చెప్పాలని వచ్చాను.

దీనికి మన దగ్గర చక్కటి మాట ఒకటుంది. పోలిక. పెళ్లింట్లో ఎవరో పెద్దావిడ ఒక కుర్రాణ్ణి ఆపి, గడ్డం పట్టుకుని, "నువ్వు ఫలానావాళ్ల అబ్బాయివి కదూ? అచ్చం మీ మేనమామ పోలికే!" అంటుంది. పేరు అడగకుండానే ఇల్లు పోల్చుకుంది. ఆ కుర్రాడి అన్న పొడుగు, చెల్లెలు పొట్టి, ఒకరు నలుపు, ఒకరు చామనచాయ. అయినా ముగ్గురినీ పక్కపక్కన నిలబెడితే ఒక తల్లి పిల్లలని ఎవరైనా చెబుతారు. సినిమా ప్రచారంలో బయటికి వెళ్లే ప్రతి కాగితానికీ, ప్రతి బొమ్మకీ అలాంటి పోలిక ఉండాలి.

పోలిక లేకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. పోస్టర్ల పని తెలిసినవాణ్ణి కావడంతో అప్పుడప్పుడు సినిమా విద్యార్థులకు పాఠాలు చెబుతుంటాను. ఒక బృందం మంచి సినిమా తీసింది. ప్రదర్శన నాటికి పోస్టరు ఒకరు చేశారు, నీలం రంగులో. ట్రైలరు ఇంకొకరు చేశారు, ఎర్రటి అక్షరాలతో. ఆహ్వానపత్రం మీద మూడో అమ్మాయి పువ్వుల అంచు వేసింది. అందరూ రాత్రుళ్లు మేలుకున్నారు, ఎవరి పని వాళ్లు శ్రద్ధగానే చేశారు. ఆ సాయంత్రం హాలు తలుపు దగ్గర పోస్టరూ ఆహ్వానపత్రమూ పక్కపక్కన చూసి వాచ్‌మన్ నన్ను అడిగాడు: "ఇయ్యాల రెండు సినిమాలా సార్?" ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. పదిమంది నెల రోజుల కష్టం, చూసేవాళ్ల కంట్లో రెండు ముక్కలైపోయింది.

పెద్ద సినిమాకు ఈ చిక్కు అంతగా ఉండదు. హీరో ముఖమే దానికి పోలిక. పోస్టరు మీద, బస్సు వెనక, పేపర్లో, ఎక్కడ చూసినా ఆ ముఖమే. పైగా నూరుసార్లు చూపించడానికి వాళ్ల దగ్గర డబ్బుంటుంది. విద్యార్థి సినిమాలో నటించేవాళ్లు ఎవరికీ తెలియరు. ప్రచారానికి ఉన్నది నాలుగైదు వేలు. ఒక మనిషి ఆ సినిమా బొమ్మను మహా అయితే మూడుసార్లు చూస్తాడు: నోటీసు బోర్డు మీద ఒకసారి, ఫోన్‌లో ఒకసారి, హాలు దగ్గర ఒకసారి. మూడుసార్లూ ఒకేలా కనబడితే, మూడోసారికి "ఆ, ఇదే" అనుకుంటాడు. మూడూ మూడు రకాలుగా ఉంటే మూడుసార్లూ కొత్తే. చేతిలో డబ్బు తక్కువైనప్పుడు పోలికే పెట్టుబడి.

ఈ సంగతిని ప్రపంచానికి గట్టిగా చూపించినవాడు అమెరికన్ చిత్రకారుడు సాల్ బాస్. 1955లో ఆటో ప్రెమింజర్ తీసిన 'ది మ్యాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్' అనే సినిమాకు ఆయన పనిచేశాడు. పేకాటలో ముక్కలు పంచే ఒక మనిషి మత్తుమందుకు బానిసైన కథ. హీరో ఫ్రాంక్ సినాత్రా, అప్పటికే చాలా పేరున్నవాడు. అయినా సాల్ బాస్ తారల ఫోటోలను పక్కకు జరిపి, కత్తిరించిన కాగితంలా ఉండే ఒక నల్లటి చేతిని నడుమ పెట్టాడు. వంకరలు తిరిగి, విరిగినట్టుగా కిందికి చాచిన చెయ్యి. ముక్కలు పంచే చెయ్యీ అదే, సూది గుచ్చుకునే చెయ్యీ అదే. కథంతా అందులోనే ఉంది. ఆ చెయ్యే పోస్టరు మీద, పత్రికల ప్రకటనల్లో కనిపించింది. సినిమా మొదట్లో తెర మీద తెల్లటి గీతలు కదిలి కదిలి చివరికి ఆ చెయ్యిగా మారాయి. వీధిలో పోస్టరు చూసినవాడికి హాల్లో కూర్చున్నాక కూడా అదే గుర్తు ఎదురొచ్చింది.

అదే 1955లో మన దేశంలో 'పథేర్ పాంచాలీ' వచ్చింది. సత్యజిత్ రాయ్ దర్శకుడు కాకముందు చిత్రకారుడు. 1943లో కలకత్తాలో డి.జె. కీమర్ అనే ప్రకటనల సంస్థలో చేరాడు. సిగ్నెట్ ప్రెస్ పుస్తకాలకు అట్టలు గీశాడు. ఆ సినిమాకు మూలమైన బిభూతిభూషణ్ నవలకు పిల్లల కోసం తెచ్చిన సంక్షిప్త ప్రతికి బొమ్మలు వేస్తున్నప్పుడే ఆ కథ ఆయన్ని పట్టుకుంది. అంటే ఆయనకు సినిమా బొమ్మగానే మొదలైంది. ఆ తర్వాత తన సినిమాలకు పోస్టర్లు తానే గీసుకున్నాడు, అక్షరాలు తానే రాసుకున్నాడు. సినిమా తీసిన మనసే పోస్టరూ గీయడంతో ఆ రెండింటి మధ్య అతుకు కనబడదు.

మన తెలుగులో కూడా ఈ విద్యకు గొప్ప వారసత్వం ఉంది. బాపు గారి అక్షరం చూడగానే ఇది బాపు అని పోల్చుకోని తెలుగువాడు అరుదు. దర్శకుడిగా ఆయన మొదటి సినిమా 'సాక్షి', 1967లో వచ్చింది. ఆ సినిమాతోనే పోస్టర్ల రంగంలోకి అడుగుపెట్టారు పాలకొల్లు నుంచి మద్రాసు చేరిన ఈశ్వర్ గారు. తర్వాత 2,000కు పైగా సినిమాలకు ప్రచార చిత్రాలు తయారుచేశారు, ఆ అనుభవంతో 'సినిమా పోస్టర్' అనే పుస్తకం రాశారు. ఆ రోజుల్లో సినిమా పేరును చేత్తో రాసేవారు. ఒకసారి రాసిన ఆ అక్షరాల రూపమే గోడ మీది పోస్టరుకు, పేపరు ప్రకటనకు, హాల్లో అమ్మే పాటల పుస్తకం అట్టకు వెళ్లేది. చదువురానివాళ్లు కూడా దూరం నుంచి ఆ అక్షరాల వాటం చూసి ఏ సినిమానో చెప్పేవారు. వాళ్లకు ఆ అక్షరాలే బొమ్మ.

సరే, ఇప్పుడు పనిలోకి వద్దాం. ఒక విద్యార్థి సినిమాను ఊహించుకుందాం. పేరు 'కొలత'. పన్నెండు నిమిషాల నిడివి. సందులో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్న ఒక అమ్మ. ఏటా జూన్‌లో ఊళ్లో పిల్లలందరికీ స్కూలు యూనిఫారాలు కుడుతుంది, తన కూతురికీ కుడుతుంది. ఏడాదికోసారి కూతురి కొలతలు తీసుకుంటుంది. చివరి ఏడాది టేపు పట్టుకుని చూస్తే కూతురు తనకన్నా పొడుగు. ఆ వారంలోనే అమ్మాయి హాస్టలుకు వెళ్లిపోతోంది. ఇదీ కథ.

ఈ సినిమాకు గుర్తు ఏది? చాలామంది మొదట కంప్యూటరు ముందు కూర్చుని మంచి డిజైన్ల కోసం వెతుకుతారు. అక్కడే దారి తప్పుతారు. గుర్తు సినిమా లోపలే ఉంటుంది. కథలో మళ్లీమళ్లీ వచ్చే వస్తువు ఏది, మొదటి సన్నివేశంలో ఒక అర్థంతో వచ్చి చివర్లో మరో అర్థం తెచ్చుకునే వస్తువు ఏది అని అడగాలి. 'కొలత'లో అది పసుపుపచ్చ టేపు. మొదట్లో అది పనిముట్టు. చివరికి అమ్మ మెడలో వేలాడుతూ గడిచిపోయిన ఏళ్ల లెక్కలా కనబడుతుంది.

టేపు దొరికిందంటే ఆకారం దొరికింది. రంగులు కూడా కథలోనే ఉన్నాయి. టేపు పసుపు, యూనిఫారం ముదురు నీలం, గుడ్డ మీద గీతలు గీసే సుద్ద తెలుపు. ఈ మూడు చాలు. నాలుగో రంగు కావాలని ఎవరైనా పట్టుబడితే, అది కథలో ఎక్కడుందో చూపించమనండి. ఇక అక్షరాలు. మన తెలుగు అక్షరం గుండ్రం. టేపు కూడా చుట్టుకుని గుండ్రంగా తిరుగుతుంది. ఒక టేపునే మలుపులు తిప్పి కొ, ల, త అని మూడక్షరాలు కూర్చవచ్చు. చేత్తో కాగితం మీద పదిసార్లు రాసి, పదకొండోది తీసుకోండి.

ఇప్పుడు పిల్లలు పుడతారు చూడండి. పోస్టరు: నీలిరంగు గుడ్డ నిండా, పైనుంచి కిందికి నిలువుగా పసుపు టేపు, దాని పక్కన వీపు చూపిస్తూ నిలబడ్డ అమ్మాయి. ఆహ్వానపత్రం: టేపులాగే సన్నగా, పొడుగ్గా కత్తిరించిన కాగితం, ఆరో అంకె దగ్గర సుద్దగీత, ప్రదర్శన సాయంత్రం ఆరింటికి కాబట్టి. ప్రదర్శనకు ముందు అయిదు రోజులు ఫోన్లలో పంపే బొమ్మలు: టేపు మీద 5, 4, 3, 2, 1. ట్రైలరు మొదట్లో చుట్ట విప్పుకుంటూ తెర మీద పరుగెత్తే టేపు. గుండ్రంగా చుట్టిన టేపు సోషల్ మీడియా పేజీకి ముఖచిత్రం. ఏదీ దేనికీ నకలు కాదు. అయినా అన్నీ ఒక ఇంటి పిల్లలే. చాలామంది ఒకే పోస్టరును అన్ని సైజుల్లోకి కుదించి, సాగదీసి పంపుతారు. అది పోలిక కిందికి రాదు. నిలువు బొమ్మను అడ్డంగా సాగదీస్తే మనిషి ముఖమే వికారమవుతుంది.

ఇక్కడ కొన్ని పనివాడి మాటలు చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది స్టిల్ ఫోటోలు. షూటింగ్‌లో అందరి కళ్లూ వీడియో కెమెరా మీదే ఉంటాయి. పోస్టరు సంగతి గుర్తొచ్చేసరికి షూటింగ్ అయిపోతుంది. అప్పుడు వీడియోలోంచి ఒక ఫ్రేము తీసి పోస్టరు చేద్దామంటారు. లెక్క చూడండి. ఫుల్ హెచ్‌డీ ఫ్రేము 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే ఆ ఫ్రేము నాణ్యంగా అచ్చయ్యేది ఆరున్నర అంగుళాల లోపు వెడల్పుకే, పోస్టుకార్డు కన్నా కాస్త పెద్దది, అంతే. ఏ-త్రీ పోస్టరుకు సుమారు 3500 చుక్కల వెడల్పు, 4960 చుక్కల ఎత్తు ఉండాలి. పైగా సినిమా ఫ్రేము అడ్డం, పోస్టరు నిలువు. కాబట్టి షూటింగ్ రోజునే, అదే వెలుతురులో, అదే దుస్తుల్లో, విడిగా ఒక కెమెరాతో నిలువు ఫోటోలు తీయించండి. పేరు రాయడానికి పైనా కిందా ఖాళీ వదిలి తీయండి. రోజుకు పావుగంట దీనికి కేటాయిస్తే తర్వాత చాలా తలనొప్పి తప్పుతుంది.

రెండోది రంగు. ఫోను తెర వెలుగుతో రంగు చూపిస్తుంది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిపి. అచ్చు యంత్రం సిరాతో చూపిస్తుంది: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. తెర మీద మెరిసే నీలం కాగితం మీద ఊదారంగులోకి జారిపోతుంది. నేను చెప్పిన ఆ బృందం పోస్టరుకు జరిగిందీ అదే. అందుకని మొత్తం కాపీలు అచ్చేయించే ముందు ఒక్క కాపీ తీయించి, పగటి వెలుతురులో పట్టుకుని చూడండి. 'కొలత' పసుపుకు ఒక మేలుంది. పసుపు నాలుగు సిరాల్లో ఒకటి కాబట్టి, మిగతా సిరాలు కలవనంత వరకు అది పెద్దగా మారదు.

మూడోది తెలుగు అక్షరాల కష్టం. ఇది ఇంగ్లీషులో లేని కష్టం. మీరు ఇంట్లో యూనికోడ్‌లో టైపు చేస్తారు. డీటీపీ సెంటర్లో చాలాచోట్ల అను ఫాంట్లు వాడతారు. రెండూ వేరు వేరు పద్ధతులు. ఒకచోట చేసిన ఫైలు ఇంకోచోట తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. పాత ఫోటోషాప్‌లో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. అది చూసి భయపడి పిల్లలు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేస్తున్నారు. నాకు చాలా బాధ కలుగుతుంది. అమ్మ కథ తెలుగులో చెప్పి, పేరు మాత్రం తెలుగులో రాయలేకపోవడం ఏమిటి? దీనికి మందు ఉంది. పేరును ఒకసారి సరిగ్గా రాసి, దాన్ని గీతల బొమ్మగా మార్చి దాచుకోండి. అప్పుడు ఏ యంత్రంలో తెరిచినా అది బొమ్మే, చెదరదు. మిగతా వివరాలకు రామభద్ర, మండలి, సురవరం, గిడుగు లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. ఎవరైనా వాడుకోవచ్చు. వాటిలో ఒకటి ఎంచుకుని, చివరిదాకా దానికే కట్టుబడండి.

నాలుగోది చిన్న సైజు. ఈ రోజు పోస్టరును గోడ మీద కన్నా ఫోన్‌లో చూసేవాళ్లే ఎక్కువ, అదీ బొటనవేలి గోరంత. కాబట్టి పోస్టరు గీస్తున్నప్పుడే దాన్ని గోరంత చేసి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూడండి. టేపు కనబడుతోందా? పేరు చదవగలుగుతున్నామా? కనబడకపోతే బొమ్మలో ఏదో ఎక్కువైందని అర్థం, తీసేయండి. యూట్యూబ్ బొమ్మ కుడివైపు కింది మూలలో వీడియో నిడివి చూపించే అంకెలు పడతాయి. పేరును ఆ మూలకు పెట్టకండి.

ఇవన్నీ ఒక పేజీలో రాసి పెట్టుకోవాలి. మన గుర్తు ఇది, రంగులు ఈ మూడు, వాటి సంకేతాలు ఇవి, ఫాంటు ఇది, పేరు ఇలా ఉంటుంది, ఇలా ఉండకూడదు. ఒక్క పేజీ చాలు. బృందంలో అందరికీ తలా ఒక ప్రతి ఇవ్వండి. ఆపైన ఒకరిని కాపలా పెట్టండి. వాళ్ల కంట పడకుండా ఏ బొమ్మా బయటికి వెళ్లకూడదు. ఆ మనిషి గొప్ప చిత్రకారుడు కానక్కర్లేదు. "ఇది మనలా లేదు" అని స్నేహితుడి ముఖం మీద చెప్పగలిగే ధైర్యం ఉంటే చాలు.

ఇలా చెబితే కొందరు విద్యార్థులు నొచ్చుకుంటారు. "మా స్వేచ్ఛ ఏమైపోవాలి సార్?" అంటారు. నేను వాళ్లకు చెప్పేది ఒకటే. కర్ణాటక సంగీతంలో రాగానికి ఆరోహణ, అవరోహణ ఉంటాయి. ఆ మెట్లు తప్పితే రాగం చెడుతుంది. కానీ ఆ మెట్ల మధ్యనే విద్వాంసుడు గంటసేపు కొత్తకొత్తగా పాడతాడు. మూడు రంగులు, ఒక ఆకారం, ఒక అక్షరం ఇచ్చి, వీటితోనే పది బొమ్మలు వేయమంటే, ఆరో బొమ్మ దగ్గర నుంచి అసలైన ఊహ మొదలవుతుంది. ఆ అవస్థ పడిన విద్యార్థి తన సినిమాను ఇంకాస్త లోతుగా అర్థం చేసుకోవడం నేను చూశాను. టేపు ఎందుకు ముఖ్యమో పోస్టరు గీస్తూ తెలుసుకుని, ఎడిటింగ్ గదికి తిరిగి వెళ్లి చివరి సన్నివేశంలో టేపును ఇంకో రెండు క్షణాలు నిలిపినా ఆశ్చర్యం లేదు.

ఇక చివరి పరీక్ష. ప్రదర్శనకు వారం ముందు మీరు చేసినవన్నీ, పోస్టరు, ఆహ్వానం, ఫోన్ బొమ్మలు, టైటిలు ఫ్రేము, అన్నీ కాగితాల మీద తీసి గచ్చు మీద పరవండి. సినిమా పేరున్న చోటల్లా మడిచేయండి. వాటి మధ్యలో వేరే సినిమా కాగితం ఒకటి కలపండి. సినిమాతో ఏ సంబంధమూ లేని మనిషిని పిలిచి, ఇందులో ఒకటి మాది కాదు, ఏదో చెప్పమని అడగండి.

మొదట్లో చెప్పాను కదా, రెండు సినిమాలా అని అడిగిన వాచ్‌మన్. మరుసటి ఏడాది వచ్చిన పిల్లలతో ఈ పరీక్ష పెట్టించినప్పుడు ఆయన్నే పిలిచాం. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. కాగితాల చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక్క మాటా అడగలేదు. వంగి, వేరే సినిమా కాగితాన్ని రెండు వేళ్లతో పైకి తీసి పిల్లల చేతికిచ్చాడు.

"ఇది మీ ఇంటిది కాదు బాబూ," అన్నాడు.